చరిత్ర నవలలో ఎదిగే పిల్లలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాలలో చాలావరకు ఒకే విషయాన్ని పట్టుకున్నాయి. పది నుంచి పదహారేళ్ళ పాఠకుల కోసం రాసే చరిత్ర నవలలను, వాటిలోనూ కథ ముగిసేసరికి ఒక బాలుడో బాలికో పెద్దరికంలోకి అడుగుపెట్టే నవలలను ఎలా చదివించాలి, ఎలా రాయాలి అన్నది ఆ విషయం. ఒకే రకం ప్రశ్నలను కలిపి, పొడవైన వాటిని కుదించి, ఏడింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్ళు. చరిత్ర నవల చేతికిస్తే, "ఇదీ పాఠ్యపుస్తకమే, మధ్యలో సంభాషణలు పెట్టారంతే" అంటాడు. అసలు ఇలాంటి నవలలలో కథానాయకులు ఎప్పుడూ ఆ వయసు వాళ్ళే ఎందుకుంటారు? చరిత్రకూ పిల్లలు ఎదగడానికీ ఏమిటి సంబంధం?

జవాబు: మీ అబ్బాయి మాటను కొట్టిపారేయకండి. అతని చేతికి వచ్చిన నవల బహుశా అలాంటిదే అయివుంటుంది. పాఠ్యపుస్తకం జరిగిపోయినదాన్ని చెబుతుంది కాబట్టి, యుద్ధం ఎవరు గెలిచారో, ఏ రాజు ఎప్పుడు కూలిపోయాడో ముందే తేల్చేసి, ఆ తరువాత కారణాలు వెతుకుతుంది. ఆ యుద్ధం సాగుతున్న రోజులలో అక్కడ బతికిన పిల్లవాడికి మాత్రం ఇవేవీ తెలియవు. తలుపు తడుతున్నది స్నేహితుడో శత్రువో, వెళ్ళిన తండ్రి తిరిగి వస్తాడో రాడో, ఇంట్లో పెద్దవాళ్ళు నమ్ముకున్న పక్షం న్యాయమైనదో కాదో తెలియకుండానే అతను ఏదో ఒకటి చేయవలసి వస్తుంది. పన్నెండు, పదమూడేళ్ళ వయసు స్వభావం కూడా ఇదే. పెద్దవాళ్ళ లోకం సగమే అర్థమవుతుంది, దాని బరువు మాత్రం మొత్తంగా వచ్చి మీద పడుతుంది. గతంలో బతికిన మనిషికీ రేపు తెలియదు, ఎదుగుతున్న పిల్లవాడికీ రేపు తెలియదు. ఈ రెండు తెలియకపోవడాలు ఒకదానిలో ఒకటి ఇమిడిపోతాయి గనుకే ఈ రెండు రకాల కథలు ఇంతకాలంగా జంటగా నడుస్తున్నాయని నా అభిప్రాయం.

ఈ జంట కొత్తది కాదు. ఐరోపాలో చరిత్ర నవలకు తొలి నమూనాగా చెప్పే 'వేవర్లీ'ని వాల్టర్ స్కాట్ 1814లో ప్రచురించాడు. 'ఇది అరవై ఏళ్ళ కిందటి మాట' అనే అర్థం వచ్చే ఉపశీర్షికతో, 1745లో స్కాట్లండులో జాకొబైట్లు, అంటే గద్దె దిగిపోయిన స్టువర్ట్ రాజవంశాన్ని మళ్ళీ సింహాసనం ఎక్కించాలనుకున్నవారు, లేవదీసిన తిరుగుబాటును అందులో కథగా మలిచాడు. కథానాయకుడు రాజూ కాదు, సేనానీ కాదు. ప్రభుత్వ సైన్యంలో చేరి, తరువాత తిరుగుబాటుదారుల వైపు మొగ్గి, చివరికి ఎటు నిలబడాలో తానే తేల్చుకోవలసి వచ్చిన ఒక యువకుడు. అదే తిరుగుబాటు మిగిల్చిన చేదును రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1886లో 'కిడ్నాప్డ్' నవలగా, బాలల వారపత్రిక ఒకదానిలో ధారావాహికంగా రాశాడు. అందులోని పదిహేడేళ్ళ డేవిడ్ బాల్‌ఫోర్ రాజభక్తుడు, అతని ప్రాణం కాపాడి వెంట నడిచే అలన్ బ్రెక్ తిరుగుబాటుదారు. ఎవరి పక్షం సరైనదన్న ప్రశ్నను పక్కనపెట్టి, ఈ మనిషిని నమ్మవచ్చా లేదా అన్న ప్రశ్నతో డేవిడ్ పర్వతాలు దాటుతాడు.

ఈసారి నవల కొనేముందు మొదటి అధ్యాయం తిరగేసి చూడండి. "ఈ సంఘటన చరిత్ర గతినే మార్చబోతోందని అతనికి ఆ క్షణాన అనిపించింది" వంటి వాక్యం కనబడితే, అక్కడ మాట్లాడుతున్నది పిల్లవాడు కాదు, పాఠం చెబుతున్న రచయిత. ఆ పుస్తకాన్ని అక్కడే పెట్టేయవచ్చు.

ప్రశ్న: పదిహేనేళ్ళ బాలుడు కథానాయకుడుగా ఒక చరిత్ర నవల రాస్తున్నాను. నిజంగా జరిగిన ఒక సంఘటన తేదీని ఏడాది వెనక్కి జరిపితే కథ చక్కగా కుదురుతుంది. అలా చేయవచ్చా? రేపు కొత్త ఆధారాలు బయటపడి నేను రాసినదంతా తప్పని తేలితే ఆ నవల గతి ఏమిటి?

జవాబు: జరపండి, కాని చెప్పి జరపండి. పైన చెప్పిన 'కిడ్నాప్డ్'లోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. స్కాట్లండులోని ఆపిన్ ప్రాంతంలో కోలిన్ క్యాంప్‌బెల్ అనే ప్రభుత్వ ఉద్యోగిని కాల్చి చంపిన సంఘటన 1752 మే నెలలో జరిగింది. స్టీవెన్సన్ దానిని 1751కి మార్చుకున్నాడు. మార్చి ఊరుకోలేదు, ఆ హత్య 1751లోకి ఎలా వచ్చిందని మీరు అడగవచ్చునని అంకితపత్రంలోనే తన తప్పును తాను ఎత్తిచూపుకున్నాడు. పెద్దల నవలకైతే ఈ మర్యాద ఉంటే బాగుంటుంది. పిల్లల నవలకు ఇది ఉండితీరాలి. పెద్ద పాఠకుడికి నాలుగు పుస్తకాలతో పోల్చి చూసుకునే వీలు ఉంటుంది, పన్నెండేళ్ళ పాఠకుడికి ఆ కాలాన్ని గురించి జీవితం మొత్తంలో తెలిసేది మీ నవల ఒక్కటే కావచ్చు. తేదీని జరపవచ్చు, ఇద్దరు మనుషులను ఒకరిగా కలపవచ్చు, మీ బాలుణ్ణి అసలు లేని వాకిట్లో నిలబెట్టవచ్చు. బాధ పడినది ఎవరు, ఆ బాధ పెట్టినది ఎవరు, దానివల్ల లాభపడినది ఎవరు అన్న మూడింటిని మాత్రం కథ కుదరడం కోసం తారుమారు చేయకూడదని నేను అంటాను.

మీ రెండో భయానికి రోజ్‌మేరీ సట్‌క్లిఫ్ 1954లో రాసిన 'ది ఈగిల్ ఆఫ్ ది నైన్త్' నవల కథే జవాబు. ఆవిడ రెండు విడివిడి సంగతులను తీసుకుంది. రోమన్ల తొమ్మిదవ లీజియన్ అనే సైనిక దళం క్రీ.శ. 117 ప్రాంతంలో బ్రిటన్ ఉత్తర దిక్కుకు నడిచి వెళ్ళి మళ్ళీ కనబడలేదన్న నమ్మకం ఒకటి. 1866లో సిల్చెస్టర్ తవ్వకాలలో దొరికిన, రెక్కలు విరిగిపోయిన కంచు డేగ బొమ్మ రెండవది. ఈ రెండింటినీ కలిపి, మాయమైన దళంతో పాటు మాయమైన తండ్రి పరువును వెతుక్కుంటూ వెళ్ళే కుంటికాలి యువసైనికుడు మార్కస్ కథ అల్లింది. తరువాతి కాలంలో నెదర్లండ్స్‌లోని నైమేఖెన్‌లో ఆ దళం ముద్ర ఉన్న పెంకులు దొరికాయి. దళం బ్రిటన్ కొండలలో తుడిచిపెట్టుకుపోలేదు, అక్కడి నుంచి వేరే చోటికి తరలిపోయి ఉండవచ్చునన్న వాదానికి అవి బలమిచ్చాయి. కంచు డేగ కూడా సైనిక పతాకం మీదిది కాదని, ఏదో విగ్రహంలోని భాగమని పండితులు అంటున్నారు. అంటే నవలకు పునాది అనుకున్న రెండు రాళ్ళూ కదిలిపోయాయి. నవల మాత్రం నిలిచే ఉంది, ఇప్పటికీ అచ్చవుతోంది. తండ్రి పిరికివాడుగా చనిపోయాడో వీరుడుగా చనిపోయాడో తెలియని కొడుకు ఎలా నడుస్తాడు, ఎలా నిద్రపోతాడు, ఎవరిని స్నేహితుడుగా ఎంచుకుంటాడు అన్న దాని మీద ఆవిడ బరువంతా పెట్టింది. ఆ బరువు ఏ తవ్వకంతోనూ తరగదు. మీరు తేదీల మీదే ఇల్లు కట్టుకుంటే తేదీలతోనే అది కూలుతుంది.

ప్రశ్న: రెండు వందల ఏళ్ళ కిందటి బాలికను కథానాయికగా పెట్టి రాశాను. ఆమె పెద్దలను ఎదిరించి, ఆడపిల్లలకు హక్కులు లేవా అని నిలదీస్తుంది. చదివిన మిత్రులు, "ఈ పిల్ల ఆ కాలపు పిల్లలా లేదు" అన్నారు. అణిగిమణిగి ఉండే బాలికను రాయడం నాకు ఇష్టం లేదు. ఏం చేయాలి?

జవాబు: మీ మిత్రులు చెప్పినది నిజమే. అలాగని అణిగిమణిగి ఉండే పిల్లను రాయమని నేనూ అనను. ఈ రెండింటి మధ్య చాలా చోటు ఉంది. మనకు నచ్చిన ఆలోచనలను ఆ కాలపు పిల్ల నోట పెట్టి, దుస్తులు మాత్రం ఆనాటివి తొడగడం ఈ రకం నవలలలో అన్నిటికంటే ఎక్కువగా కనబడే లోపం. అలా రాసినప్పుడు ఆ పిల్ల మొదటి పుటలోనే పూర్తిగా ఎదిగిపోయి ఉంటుంది. ఇక కథలో ఎదగడానికి ఏమీ మిగలదు.

నిజంగా బతికిన ఒక బాలికను చూద్దాం. ఇంగ్లండు దక్షిణ తీరంలోని లైమ్ రీజిస్‌లో 1799లో పుట్టిన మేరీ ఆనింగ్‌కు పదకొండేళ్ళు వచ్చేసరికి, 1810లో, వడ్రంగి అయిన తండ్రి అప్పులు మిగిల్చి చనిపోయాడు. తుఫాను వచ్చి కొండచరియలు విరిగిపడ్డాక, బయటపడిన శిలాజాలను ఏరి యాత్రికులకు అమ్మడం ఆ ఇంటికి బతుకుతెరువు. 1811లో ఆమె అన్న ఒక వింత జంతువు పుర్రెను కనుగొన్నాడు. మరుసటి ఏడాది మేరీ దాని మిగతా అస్థిపంజరాన్ని గుర్తించి బయటికి తీయించింది. శాస్త్రజ్ఞులు తరువాత దానికి ఇక్తియోసారస్ అని పేరు పెట్టారు. లండనులో 1807లో ఏర్పడిన భూగర్భ శాస్త్ర సంఘం 1919 వరకు స్త్రీలను సభ్యులుగా చేర్చుకోలేదు. పన్నెండేళ్ళ మేరీ ఆ సంఘం తలుపు ముందు నిలబడి ఉపన్యాసం ఇవ్వలేదు, అలాంటి సంఘం ఒకటి ఉందని కూడా ఆమెకు తెలిసి ఉండకపోవచ్చు. ఆటుపోటు మళ్ళీ తీరాన్ని ముంచేలోగా రాతిలోంచి ఎముకను విరగకుండా తీయాలన్నది ఆ రోజు ఆమె ముందున్న పని. ఆమె స్వేచ్ఛ అంతా ఆ పనిలో, ఆ చేతి నేర్పులో ఉంది. తాను తీసినదానికి ఇతరుల పేర్లు పడడం ఆమెకు అర్థమైనది పెద్దయ్యాకనే. మీ బాలికకు కూడా ఆ కాలం ఇచ్చిన ఒక పనిని, ఆ పనిలోంచి మెల్లగా పుట్టే ఒక అసంతృప్తిని ఇవ్వండి. నిలదీసే ప్రశ్న చివరి అధ్యాయాలలో వచ్చినా, అసలు రాకపోయినా, పాఠకురాలు తానే అడుగుతుంది.

ప్రశ్న: పాతకాలపు పిల్లల సంభాషణలు తెలుగులో ఎలా రాయాలి? గ్రాంథికం పెడితే పిల్లలు పారిపోతారు, ఇప్పటి మాటలు పెడితే కాలం చెడుతుంది.

జవాబు: గ్రాంథికం వద్దు. ఏ కాలంలోనూ పిల్లలు తమలో తాము గ్రాంథికంలో ఆడుకోలేదు. పరాయి దేశపు కథ అయితే ఆ పిల్లలు అసలు తెలుగే మాట్లాడలేదు కదా, మనం రాసేది ఎలాగూ ఒక ఒప్పందమే. వాక్యం సాదాగా, ఇప్పటిదిగానే ఉండనివ్వండి. కాలాన్ని చెడగొట్టేవి క్రియాపదాల రూపాలు కావు, పోలికలు. యంత్రాలు లేని కాలపు కుర్రవాడు "బ్రేకు వేసినట్టు ఆగిపోయాడు" అంటే, "పట్టాలు తప్పింది" అంటే, అక్కడ కథ విరిగిపోతుంది. సమయం మాట కూడా అంతే. హైగెన్స్ లోలకపు గడియారాన్ని 1656లో తయారు చేశాకనే, ఆ శతాబ్దం చివరికి నిమిషాల ముల్లు వాడుకలోకి వచ్చింది. అంతకుముందటి పిల్లవాడు "అయిదు నిమిషాలలో వస్తాను" అనలేడు. మన భాషలో ఇందుకు కావలసినంత సామగ్రి ఉంది. ఇరవై నాలుగు నిమిషాల గడియ, మూడు గంటల జాము మన లెక్కలు కాబట్టి రోమన్ కుర్రవాడికి పొసగవేమో కాని, రెప్పపాటు, పాలు పొంగేంత సేపు, పొద్దు బారెడెక్కడం, నీడ కాళ్ళ కిందికి రావడం ఏ దేశపు కథలోనైనా చెల్లుతాయి.

వస్తువుల విషయంలో ఒక చిన్న అనుభవం చెబుతాను. ఒకసారి నేను రాసిన కథలో, 1700 ప్రాంతంలో ఒక పిల్ల అర్ధరాత్రి లేచి అగ్గిపుల్ల గీసి దీపం వెలిగించింది. గీస్తే వెలిగే అగ్గిపుల్లలను జాన్ వాకర్ అనే మందుల వ్యాపారి ఇంగ్లండులో అమ్మడం మొదలుపెట్టినది 1827లో. తప్పు తెలిశాక మొదట సిగ్గుపడ్డాను, తరువాత సంతోషించాను. అగ్గిపుల్ల లేకపోతే, రాత్రంతా పొయ్యిలో నిప్పు ఆరిపోకుండా బూడిద కప్పి కాపాడవలసిన మనిషి ఇంట్లో ఒకరు ఉండాలి. ఆ పని ఆ పిల్లదే అనుకున్నాను. ఆ రాత్రి ఆమె నిద్రపోయింది, నిప్పు ఆరిపోయింది, తెల్లవారకముందే చీకటిలో పొరుగింటికి నిప్పు అడగడానికి వెళ్ళవలసి వచ్చింది. నా కథలో మంచి అధ్యాయం అదే అయింది. అందుకే తప్పులను దిద్దుకునేటప్పుడు మాటను తీసేసి ఊరుకోకండి, ఆ వస్తువు లేని ఇంట్లో ఆ పని ఎవరు చేసేవారో వెతకండి.

ప్రశ్న: నేను ఉపాధ్యాయురాలిని. నరమేధాలు, బానిసత్వం, యుద్ధాల కథలను పదేళ్ళ పిల్లలకు చదివించవచ్చా? ఎంతవరకు చెప్పాలి?

జవాబు: చదివించవచ్చు. ఎంత చెప్పాలన్నది రచయిత ఎవరి కళ్ళతో చూపిస్తున్నాడన్న దాని మీద ఆధారపడుతుంది. లోయిస్ లోరీ 1989లో రాసిన 'నంబర్ ది స్టార్స్' దీనికి చక్కని ఉదాహరణ. 1943లో జర్మన్ల ఆక్రమణలో ఉన్న డెన్మార్క్‌లో, యూదులను పట్టుకుపోబోతున్నారన్న వార్త ముందుగా పొక్కడంతో, సుమారు 7,000 మందిని పడవలలో సముద్రం దాటించి స్వీడన్‌కు చేర్చారు. కథ నడిపేది పదేళ్ళ ఆనెమరీ. స్నేహితురాలి కుటుంబాన్ని దాటించే పనిలో ఆమెకు ఒక చిన్న పొట్లం ఇచ్చి, పడవ దగ్గర ఉన్న మేనమామకు అందించమంటారు. అందులో ఏముందో చెప్పరు. అన్నీ తెలియకపోతేనే ధైర్యంగా ఉండడం సులువని మేనమామ అంతకుముందే ఆమెకు చెప్పి ఉంటాడు. దారిలో సైనికులు కుక్కలతో ఆపి, పొట్లం విప్పిస్తారు. ఒక చేతిరుమాలు మాత్రమే కనబడుతుంది. ఎండిన కుందేలు రక్తం, కొకెయిన్ కలిపిన పొడి పూసిన ఆ రుమాలు, పడవలో దాగిన మనుషులను కుక్కలు పసిగట్టకుండా చేసే ఉపాయమని ఆనెమరీకీ మనకూ తెలిసేది తరువాతనే. అలాంటి రుమాళ్ళు నిజంగానే వాడారని రచయిత్రి చివరిమాటలో చెప్పింది.

ఈ నవలలో నిర్బంధ శిబిరాల వర్ణన లేదు. ఉన్నదల్లా భయం, అదీ పదేళ్ళ పిల్ల మోయగలిగినంత. రక్తపాతాన్ని పుటలకు పుటలు వర్ణించే నవలకంటే ఇది తక్కువ నిజాయితీ గలదని నేను అనుకోను. ఆ వయసు పిల్ల అంతవరకే చూసి ఉండేది. పధ్నాలుగేళ్ళు దాటిన వాళ్ళకైతే ఇంకా కఠినమైనవి ఇవ్వవచ్చు. తరగతిలో చదివించేటప్పుడు ఒక అధ్యాయం దగ్గర ఆపి, "ఇప్పుడు ఈమెకు ఏం తెలుసు, ఏం తెలియదు?" అని మాత్రం అడగండి. ఎలా అనిపిస్తోందని అడగవద్దు, పిల్లలు మీకు నచ్చే జవాబే చెబుతారు.

ప్రశ్న: నేను చిన్నప్పుడు ప్రేమించిన కొన్ని పాత నవలలను ఇప్పుడు చూస్తే వాటిలో కొన్ని జాతుల వారిని చిన్నచూపు చూసినట్టు కనబడుతోంది. మా పిల్లలకు ఇవ్వాలా, దాచేయాలా?

జవాబు: దాచవద్దు, ఒంటరిగానూ ఇవ్వవద్దు. లారా ఇంగల్స్ వైల్డర్ 1935లో రాసిన 'లిటిల్ హౌస్ ఆన్ ది ప్రెయిరీ' మొదటి ముద్రణలలో, ఆ మైదానంలో మనుషులు లేరని, ఇండియన్లు, అంటే అమెరికా ఆదివాసులు, మాత్రమే ఉండేవారని అర్థం వచ్చే వాక్యం ఉండేది. ఒక పాఠకురాలి ఉత్తరం వల్ల ప్రచురణకర్తలు దానిని గమనించారు. రచయిత్రి తన పొరపాటును ఒప్పుకుంది, 1953 ముద్రణలో 'మనుషులు' అన్న చోట 'వలస వచ్చి స్థిరపడినవారు' అన్న మాట చేరింది. అమెరికా గ్రంథాలయ సంఘంలోని బాలల విభాగం ఆమె పేరిట 1954 నుంచి ఇస్తున్న పురస్కారానికి 2018లో పేరు మార్చింది. ఒక మాట మారినా చూపు మారదు, ఎందుకంటే ఆ కథ మొత్తం వలస వచ్చిన కుటుంబపు గుడిసె కిటికీలోంచి బయటికి చూస్తుంది. ఆ నేల ఓసేజ్ జాతి వారిది. అందుకే దానితోపాటు ఒజిబ్వే అనే ఆదివాసీ జాతి వంశజురాలైన లూయీస్ ఎర్డ్రిక్ 1999లో రాసిన 'ది బర్చ్‌బార్క్ హౌస్'ను కూడా ఇవ్వండి. అది 1847లో సుపీరియర్ సరస్సులోని ఒక దీవిలో పెరుగుతున్న ఒమకాయాస్ అనే ఏడేళ్ళ పిల్ల కథ. బయటి నుంచి వచ్చిన ఒక మనిషి వెంట మశూచి కూడా ఆ దీవిలో అడుగుపెడుతుంది. రెండు పుస్తకాలలోనూ మంచు, ఆకలి, తల్లిదండ్రులు, చేతిపనులు ఉన్నాయి. పిల్లలు తేడాను తామే పట్టుకుంటారు.

ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం మీద ఎస్తర్ ఫోర్బ్స్ రాసిన 'జానీ ట్రెమేన్' 1943లో, ప్రపంచయుద్ధం మధ్యలో వచ్చింది. కరిగిన వెండిలో చేయి కాలి, నేర్చుకుంటున్న కంసాలి పని పోగొట్టుకున్న పధ్నాలుగేళ్ళ కుర్రవాడు అందులో తిరుగుబాటులో తన దారి వెతుక్కుంటాడు, పోరాటం న్యాయమైనదేనా అన్న అనుమానం పెద్దగా ఉండదు. అదే యుద్ధం మీద కొలియర్ సోదరులు 1974లో, వియత్నాం యుద్ధం ఇంకా ముగియని రోజులలో రాసిన 'మై బ్రదర్ శామ్ ఈజ్ డెడ్'లో, తిరుగుబాటు సైన్యంలో చేరిన అన్నను చేయని దొంగతనానికి ఆ సైన్యమే చంపుతుంది. ఆ చావును తమ్ముడు కళ్ళారా చూస్తాడు. కథాకాలం ఒక్కటే, రాసిన కాలాలు వేరు. ముందు ఏది ఇచ్చినా ఫరవాలేదు, కాని రెండింటి మీదా అచ్చయిన సంవత్సరాన్ని పిల్లలకు చూపించండి.

ప్రశ్న: చరిత్ర నవలల చివర ఏది నిజం, ఏది కల్పన అని రచయిత రాసే మాటను పిల్లల చేత ముందు చదివించాలా, తరువాతా?

జవాబు: తరువాతే. ముందు చదివితే ఆ రుమాలు సంగతి ఆనెమరీ కంటే వాళ్ళకే ముందు తెలిసిపోతుంది.